శ్రావణమాసం పప్పు లెక్క: గుమ్మం దాటిన 40 నిమిషాలకు కంచంలోకి

మొదటి సోమవారం

శ్రావణం వచ్చింది, ఇంట్లో నెల రోజులు నీసు బంద్. సరిగ్గా ఈ నెలే మా ఆవిడకు ఆసుపత్రిలో మధ్యాహ్నం షిఫ్టు పడింది. ఒకటిన్నరకు బయల్దేరితే మళ్ళీ ఇల్లు చేరేది రాత్రి 10:45కి. అంటే వారంలో ఐదు రాత్రుళ్ళు వంట నాది. అన్నం వండుతాను, గుడ్డు పొరటు చేస్తాను, చికెన్ కూర బాగానే చేస్తాను. పప్పు మాత్రం ఇన్నేళ్ళలో తినడమే గానీ పొయ్యి మీద పెట్టింది లేదు. అందుకే రోజూ ఏం చేశానో, ఎన్ని నిమిషాలు పట్టిందో పాప పాత నోటుబుక్కులో రాస్తున్నాను.

ఎర్రగడ్డలో మెట్రో దిగి, సనత్‌నగర్‌లో మా ఇంటి గుమ్మం నేను దాటేది 6:50కి. బాపుకు షుగర్ మాత్ర ఉంటుంది, ఏడున్నరకల్లా కంచం ముందు కూర్చోవాలి. చేతిలో ఉన్నవి 40 నిమిషాలు. పప్పులోనే కూరగాయ పడాలి, పక్కన మళ్ళీ వేరే కూర చెయ్యలేను. తినేవాళ్ళం నలుగురం, నాలుగు రకాలు. బాపుకు పై వరస పళ్ళు లేవు, పప్పు వెన్నలా ఉండాలి. పాపకు తొమ్మిదేళ్ళు, ముక్క కనబడకపోతే గిన్నె వైపే చూడదు. నాకు పులుపు లేకపోతే ముద్ద దిగదు. మా ఆవిడ తినేది వండిన మూడు గంటల తర్వాత.

ఇవాళ గ్లాసు కందిపప్పు (తూకం వేస్తే 160 గ్రాములు), రెండు టమాటలు, పావుకిలో బీరకాయ, నిమ్మకాయంత చింతపండు, ఉప్పు, పసుపు, కారం అన్నీ ఒకేసారి కుక్కర్లో పడేసి ఐదు విజిళ్ళు రానిచ్చాను. మూత తీసేసరికి 7:25. పప్పు బద్దలు బద్దలుగా అడుగున కూర్చుంది, బీరకాయ ఆనవాలు కూడా లేకుండా కరిగిపోయింది. మళ్ళీ మూత పెట్టి ఇంకో నాలుగు విజిళ్ళు. తిన్నది 8:05కి. బాపు ఏమీ అనలేదు. కంచం అంచున వరసగా పెట్టిన పప్పు బద్దలు మాత్రం లెక్కపెట్టాను, పదకొండు.

మంగళవారం

అవే దినుసులు, మొదటే తొమ్మిది విజిళ్ళు. నురగ విజిల్‌లోంచి పొంగి పొయ్యంతా పసుపు. పప్పు నిన్నటికన్నా నయం, అయినా నాలుక మీద రవ్వరవ్వగా తగులుతోంది. పొయ్యి తుడవడానికే పది నిమిషాలు పోయింది. కుక్కర్లో పప్పు, నీళ్ళు కలిపి సగానికి మించకూడదని, అర చెంచా నూనె వేస్తే నురగ తగ్గుతుందని మా ఆవిడ ఫోన్లో చెప్పింది. ఆ రెండూ రాసుకున్నాను.

గురువారం

మా సందు చివర కిరాణా కొట్టాయన పప్పు పాతదై ఉంటుందన్నాడు. మాట నిజమే. వేడిలో, చెమ్మలో నెలల తరబడి నిలవున్న పప్పు గట్టిపడిపోతుంది, ఎంత ఉడికించినా లొంగదు. తాండూరు కంది ఉందంటే అరకిలో తెచ్చాను. తాండూరంటే చిన్నప్పుడు నాకు నాపరాళ్ళే తెలుసు, మా ఊరి ఇంట్లో కింద పరిచినవి అక్కడివే. కందిపప్పు పేరు తర్వాత విన్నాను. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చేతిలోకి తీసుకుంటే గింజ నిండుగా ఉంది, వాసన బాగుంది. ఆశగా వండాను.

రవ్వ పోలేదు. తగ్గిందంతే. అంటే తప్పు పప్పుది ఒక్కదానిదే కాదు.

ఆదివారం, మూడు గిన్నెల రోజు

ఈ పేజీ వివరంగా రాయాలి, ఎందుకంటే ఇవాళ తెలిసిన సంగతి మీదే మిగతా నెలంతా నడవాలి.

కుక్కర్లో పట్టే చిన్న స్టీలు గిన్నెలు మూడు తీసుకున్నాను. ఒక్కోదాంట్లో మూడు చెంచాల తాండూరు పప్పు, అరగ్లాసు నీళ్ళు. మొదటి గిన్నెలో తాగే నీళ్ళు, అంటే ఫిల్టర్‌వి. రెండోదాంట్లో కూడా ఫిల్టర్ నీళ్ళే గానీ చిన్న ఉసిరికాయంత చింతపండు పిసికి పోశాను. మూడోదాంట్లో వంటింటి కుళాయి నీళ్ళు. మా బిల్డింగ్‌లో ఆ కుళాయికి వచ్చేది బోరు నీరు. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, అవి సంపులోకి పోయి తాగడానికి వాడే ట్యాంకులోకి ఎక్కుతాయి. ఈ వారమంతా నేను పప్పు కడిగిందీ, ఉడకబెట్టిందీ బోరు నీళ్ళతోనే. మా ఆవిడ పప్పుకు తాగే నీళ్ళే పోస్తుందట, ఆ సంగతి నేను అడగలేదు, తను చెప్పలేదు.

మూడింటినీ ఒకే కుక్కర్లో ఒకదాని మీద ఒకటి సర్ది, నాలుగు విజిళ్ళయ్యాక కట్టేశాను. ఆవిరి దానంతటది దిగాక మూత తీసి పాపను పిలిచాను. మొదటి గిన్నెలో పప్పు, నీళ్ళు ఒకటైపోయాయి. ఒక గింజ వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే వెన్నలా జారిపోయింది, లోపల ఏమీ మిగల్లేదు. బోరు నీళ్ళ గిన్నెలో గింజ పైన మెత్తన, నొక్కితే రెండు పలుకులుగా విరిగింది, నడుమ సన్నటి ఇసుకలా తగిలింది. చింతపండు గిన్నెలో ప్రతి గింజా వేసింది వేసినట్టే ఉంది. పాప ఒక గింజ నోట్లో వేసుకుని, ‘ఇది పచ్చిదే డాడీ’ అంది. మూడు గంటలు నానబెట్టిన పచ్చిపప్పులా ఉంది నిజంగానే.

కారణం ఇది. గింజలోని కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. వేడికి అది కరిగితేనే గింజ విడిపోయి మెత్తబడుతుంది. పులుపు ఉన్న నీళ్ళలో పెక్టిన్ తొందరగా కరగదు. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, అవి పెక్టిన్‌ను పట్టుకుని ఇంకా బిగిస్తాయి. వారం రోజులుగా నేను రెండు తప్పులూ కలిపి చేస్తున్నాను: బోరు నీళ్ళు, పైన చింతపండు, ఆ మీద టమాట. తినేసోడా చిటికెడు వేస్తే ఉడుకుతుందని కొందరంటారు. ఉడుకుతుంది కూడా, కానీ సోడాకు పప్పులోని బి1 విటమిన్ చెడిపోతుంది, వాసన కూడా మారుతుంది. నీళ్ళు మార్చి, పులుపు వెనక్కి జరిపితే పోయే తిప్పలకు సోడా దేనికి?

పప్పుకు ఒక వేళ, కూరగాయకు ఒక వేళ, పులుపుకు ఒక వేళ. మొదటి సోమవారం నేను మూడింటినీ ఒకే వేళకు రమ్మన్నాను.

రెండో సోమవారం

నానబెట్టే పని బాపు తీసుకున్నాడు. పొద్దున నేనే నానబోసి ఫ్రిజ్‌లో పెడతానంటే, ‘గదెందుకు బిడ్డా, నేను నాలుగింటికి చాయ్ తాగేటప్పుడు పోస్త తియ్’ అన్నాడు. నాలుగింటికి మూడుసార్లు కడిగి, తాగే నీళ్ళు పోసి మూత పెడుతున్నాడు. నేను వచ్చేసరికి గింజ ఉబ్బి గోరు దిగేలా ఉంటోంది.

లెక్క: 6:54కి కుక్కరు పొయ్యెక్కింది. పప్పు గ్లాసుకు మూడు గ్లాసుల నీళ్ళు, పసుపు, అర చెంచా నూనె, అంతే. ఉప్పు కూడా వెయ్యలేదు. 7:06కి మూడో విజిల్, కట్టేశాను. ఆవిరి దిగడానికి తొమ్మిది నిమిషాలు. అప్పుడు పప్పుగుత్తితో పది తిప్పులు తిప్పితే చాలు, మెత్తగా అయిపోయింది. బీరకాయ ముక్కలు వేసి మూత లేకుండా ఎనిమిది నిమిషాలు ఉడికించాను. ఉప్పు, కారం, చింతపండు రసం పోసి ఇంకో నాలుగు. పోపు పెట్టేసరికి 7:33. మూడు నిమిషాలు ఆలస్యం.

కంచం అంచున ఒక్క బద్ద లేదు. బాపు రెండోసారి వడ్డించుకున్నాడు.

బుధవారం

ఆ మూడు నిమిషాలు ఎక్కడ దొరుకుతాయో చూశాను. ఆవిరి దిగే తొమ్మిది నిమిషాలూ నేను ఊరికే నిలబడుతున్నాను. మూత మీద చన్నీళ్ళు పోస్తే తొందరగా దిగుతుంది గానీ, పప్పు ఒక్కసారిగా పొంగి విజిల్ రంధ్రంలోకి ఎక్కుతుంది. అది వద్దు. బదులుగా ఆ తొమ్మిది నిమిషాల్లో పక్క పొయ్యి మీద మూకుడు పెట్టి, రెండు చెంచాల నూనెలో జీలకర్ర, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, ఆ మీద బీరకాయ, కాస్త ఉప్పు వేసి మూత పెట్టాను. బీరకాయ తన నీళ్ళతోనే మగ్గింది, ముక్క ముక్కగానే నిలబడింది. కుక్కరు మూత వచ్చేసరికి ముక్కలు సిద్ధం. మెదిపిన పప్పు మూకుట్లోకి వంచి, పులుపు పోసి నాలుగు నిమిషాలు మరిగించాను. 7:26.

బాపుకు ఒకటే నచ్చలేదు. ‘పోపు పప్పు మీద పడాలె, సుర్రుమనాలె. నువ్వు పోపు మీద పప్పు పోసినవ్’ అన్నాడు. నిజం. ముందేసిన జీలకర్ర వాసన మరుగుతుండగానే పోయింది.

గురువారం

నూనె రెండు వాటాలు చేశాను. సగం కూరగాయ మగ్గడానికి, సగం ఆఖరి పోపుకు. ఆఖరి పోపులో ఆవాలు చిటపటలాడడం పూర్తిగా ఆగాక రెండు ఎండుమిర్చి, దంచిన ఎల్లిపాయ ఆరు రెబ్బలు వేసి, ఎల్లిపాయ అంచులు గోధుమరంగుకు తిరగగానే పొయ్యి కట్టేసి కరివేపాకు, చిటికెడు ఇంగువ వేశాను. ఎల్లిపాయ బాగా నల్లబడేదాకా ఆగితే చేదు, మొన్న మంగళవారం అదే జరిగింది. పోపు పడగానే మూత పెట్టి రెండు నిమిషాలు కదపకుండా ఉంచాను. మూత తీసినప్పటి వాసనకు పాప పుస్తకం వదిలి వచ్చింది. 7:29కి కంచాలు పెట్టాం.

సోమవారాలు, శనివారాలు మా ఇంట్లో ఎల్లిపాయ ముట్టం. ఆ రెండు రోజులు ఇంగువ రెండింతలు, జీలకర్ర కొంచెం ఎక్కువ. అది వేరే రుచి, తక్కువ రుచి మాత్రం కాదు.

శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. మా ఆవిడ సెలవు పెట్టింది, పులిహోర, పూర్ణాలు, నా వంట లేదు. నిన్న మిగిలిన బీరకాయ తొక్కులతో నేను చేసిన పచ్చడి మాత్రం పులిహోర పక్కన చేరింది.

మూడో మంగళవారం

సాయంత్రం వాన. ఎర్రగడ్డ దగ్గర రోడ్డు మీద మోకాళ్ళ దాకా నీళ్ళు, ఇల్లు చేరేసరికి 7:20. దారిలోనే బాపుకు ఫోన్ చేసి మాత్ర ఇప్పుడే వేసుకోవద్దని, నేను వచ్చాక చూద్దామని చెప్పాను. ఆ గొడవలో ఆయన పప్పు నానబోయడం మర్చిపోయాడు.

ఇలాంటి రోజుకు పెసరపప్పే దిక్కు. నానక్కర్లేదు, కుక్కరే అక్కర్లేదు. మూకుట్లో రెండు నిమిషాలు వాసన వచ్చేదాకా వేయించి కడిగి, మామూలు గిన్నెలో మరుగుతున్న నీళ్ళలో వేస్తే 15 నిమిషాల్లో ఉడికింది. రెండు కట్టలు పాలకూర సన్నగా తరిగి ఆఖరి నాలుగు నిమిషాలకు వేశాను, పైన నిమ్మరసం. 7:48కి తిన్నాం. కందిపప్పు అలవాటైన నాలుకకు పెసరపప్పు తీపిగా, పల్చగా అనిపిస్తుంది. పాపకు నచ్చింది. నాకు వానాకాలం జ్వరంలో పెట్టే పథ్యం గుర్తొచ్చింది. అయినా ఆకలి మీద ఇంకో అరగంట కూర్చునే కన్నా ఇది ఎంతో మేలు. ఇప్పుడు ఆ డబ్బా ముందు వరసలోకి వచ్చింది.

శుక్రవారం, సొరకాయ దాల్చా

కింది పోర్షన్‌లో ఉండే ఆపా (ఉర్దూలో అక్క అని) ముప్పై ఏళ్ళుగా దాల్చా, అంటే మాంసమో సొరకాయో వేసి పుల్లగా చేసే పప్పు, వండుతున్న మనిషి. మెట్ల మీద నా చేతిలో సొరకాయ చూసి, ‘పప్పులో ఏస్తవా? దాల్చా చెయ్యి బేటా, గోష్ లేకున్నా మంచిగైతది’ అంది. శనగపప్పు కలపమంది, ముక్కలు పెద్దవి కొట్టమంది, చివర పుదీనా మర్చిపోవద్దంది. పులుపు సంగతి అడిగితే, ‘ఖట్టా బాద్ మే డాల్నా, దాల్ గల్నే కే బాద్’ అంది, అంటే పులుపు తర్వాత, పప్పు ఉడికాకే వెయ్యాలని. మూడు గిన్నెలతో నేను ఆదివారమంతా తిప్పలు పడి పట్టుకున్నది ఆపా ఒక్క మాటలో చెప్పేసింది. నాకు ఎంత సంతోషమేసిందో! నా లెక్క సరైందేనని ఇంకో వంటింటి నుంచి సాక్ష్యం దొరికినట్టయింది.

శనగపప్పు కందిపప్పు కన్నా మొండిది. అందుకని బాపు దాన్ని ఒంటిగంటకే నానబోశాడు, కందిపప్పు నాలుగింటికి. కంది ముప్పావు గ్లాసు, శనగ పావు గ్లాసు. ఐదు విజిళ్ళు పట్టింది, అంటే ఇంకో ఐదు నిమిషాలు. కాబట్టి కుక్కరు పొయ్యెక్కించాకే చొక్కా మార్చుకున్నాను.

సొరకాయ కొయ్యగానే ఒక చిన్న ముక్క నాలుక చివర పెట్టుకుని చూశాను. ఇది ప్రతిసారీ చెయ్యాలి. సొర, బీర, దోస కుటుంబంలో ఎప్పుడన్నా ఒక కాయ విపరీతమైన చేదు వస్తుంది, ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషం, ఉడికించినా పోదు, వాంతులు పట్టుకుంటాయి. చేదనిపిస్తే బేరమాడకుండా కాయ మొత్తం పారెయ్యడమే. ఇవాళ్టిది తియ్యగా ఉంది. రెండంగుళాల ముక్కలు కోసి, మూకుట్లో ఉల్లిగడ్డ ఎర్రగా వేగాక అల్లం ఎల్లిపాయ ముద్ద, కారం, ధనియాల పొడితో పాటు వేసి, పావు గ్లాసు నీళ్ళు చిలకరించి మూత పెట్టాను. పది నిమిషాలకు ముక్క అంచులు అద్దంలా మెరిశాయి, చాకు మొన దిగింది. అప్పుడు పప్పు, ఆ తర్వాత చింతపండు, గుప్పెడు పుదీనా, కొత్తిమీర. ఆఖరి పోపుకు ఎండుమిర్చి, జీలకర్ర, కరివేపాకు.

శనగపప్పు కొంచెం పలుకుగా మిగిలి పంటికి తగులుతుంది, పాపకు అదే కావాలి. కందిపప్పు కరిగి చిక్కబడుతుంది, బాపుకు అదే కావాలి. పులుపు నాకు. 7:31. ఒక్క నిమిషం దాటింది, దాటితే దాటింది.

ఒక గిన్నె ఆపాకు పంపాను. ఖాళీ గిన్నెతో పాటు రెండు నిమ్మకాయలు తిరిగి వచ్చాయి, పాప చేత ‘ఉప్పు చాలింది, పుదీనా ఇంకొంచెం’ అని చెప్పి పంపింది.

నాలుగో సోమవారం

ఇక మిగిలింది 10:45. మా ఆవిడ ఇన్ని రోజులూ ఏమీ అనకుండా తింటోంది, కానీ నేను చూస్తూనే ఉన్నాను. మూడు గంటల్లో పప్పు గిన్నెలో గట్టి ముద్దయిపోతుంది, పైన తొరక కడుతుంది. తను చన్నీళ్ళు కలిపి వేడి చేసుకుంటే నీళ్ళు వేరు పప్పు వేరు. పోపులో ఎల్లిపాయ నానిపోయి తోలులా అవుతోంది. పన్నెండు మంది రోగులను చూసి వచ్చిన మనిషికి పెట్టే అన్నం ఇలా ఉండకూడదు.

రెండు మార్పులు చేశాను. తన వాటా పులుపు పోసిన వెంటనే వేరే గిన్నెలోకి తీసి, కావాల్సిన దానికన్నా అరగ్లాసు వేడినీళ్ళు ఎక్కువ కలిపి మూత పెట్టాను. చల్లారే కొద్దీ పప్పులోని పిండి ఆ నీళ్ళను తాగుతుంది. పోపు అందులో వెయ్యలేదు. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి చిన్న స్టీలు డబ్బాలో పొడిగా కొలిచి పెట్టాను, కరివేపాకు తడి లేకుండా తుడిచి పక్కన పెట్టాను. గేటు చప్పుడు వినగానే సన్నటి మంట మీద పప్పు పెట్టి, తను కాళ్ళు కడుక్కుని వచ్చేలోపు ఒక చెంచా నెయ్యిలో పోపు వేశాను.

తను వంటింటి గుమ్మంలోనే ఆగి, ‘ఇప్పుడే వండారా?’ అని అడిగింది.

బుధవారం

పుంటికూర (గోంగూర) పప్పు. ఆకే పులుపు కాబట్టి ఎప్పటి లెక్కే: పప్పు ఉడికాకే మగ్గిన ఆకు కలిపాను, చింతపండు అసలు వెయ్యలేదు. 7:24. కందిపప్పుతో ఇప్పటిదాకా ఇదే తక్కువ సమయం.

రాత్రి మా ఆవిడ కంచంలో రెండోసారి పప్పు వేసుకుంటూ, పొద్దున టిఫిన్ డబ్బాలోకి ఇదే పెట్టమంది. గిన్నెలో మిగిలింది గరిటెడు. పాప దాన్ని అన్నంలో కలిపి ముద్ద చేసి, అమ్మ డబ్బాలో కాకుండా తన డబ్బాలో పెట్టుకుంటానని పేచీ పెట్టింది. రేపటి నుంచి గ్లాసు కాదు, గ్లాసున్నర నానబోయాలని బాపుకు చెప్పాను. ఆయన అప్పటికే డబ్బా దింపి పప్పు కొలుస్తున్నాడు.